జుట్టు రాలుతోందని సెలీనియం బిళ్లలు మింగుతున్నారా?

ఒంటికి అతి కొద్దిగా కావాల్సిన సెలీనియం లాంటి ఖనిజాలని కొలిచే ట్రేస్ ఎలిమెంట్స్ ల్యాబ్‌లో నాకు పదే పదే వచ్చే ఫోన్ ఇది: "జుట్టు ఊడుతోంది సార్, సెలీనియం బిళ్లలు మొదలుపెట్టాను. టెస్టు కూడా చేయించుకోవాలా?"

అపోహ: జుట్టు రాలిందంటే సెలీనియం తక్కువే.

వాస్తవం: ఎక్కువైనా రాలుతుంది, అదీ కుచ్చులు కుచ్చులుగా. పంజాబ్‌లో నవాన్‌షహర్, హోషియార్‌పూర్ వైపు కొన్ని ఊళ్ల నేలలోనే సెలీనియం ఎక్కువ. అక్కడ పండిన గోధుమలు తిని జనానికి జుట్టు ఊడింది, గోళ్లు విరిగాయి. పశువుల గిట్టలు పగిలాయి. 2008లో అమెరికాలో ఒక సప్లిమెంటులో 200 మైక్రోగ్రాములు ఉండాల్సిన చోట 40,800 పడింది. 201 మంది జబ్బుపడ్డారు, వాళ్లలో ఎక్కువమందికి జుట్టు రాలింది. ఐసీఎంఆర్ లెక్కన పెద్దవాళ్లకి రోజుకి 40 చాలు. బజార్లో కొన్ని బిళ్లల్లో ఒక్కోదాంట్లోనే 200 ఉంటుంది!

ఆమధ్య ఒకావిడ వచ్చి రెండు చేతులూ నా టేబుల్ మీద పెట్టారు. గోళ్లకి అడ్డంగా తెల్లటి గీతలు, బొటనవేలి గోరు సగం లేచిపోయి ఉంది. మాట్లాడుతుంటే వెల్లుల్లి వాసన, అదీ సెలీనియం ఎక్కువైన గుర్తే. ఎనిమిది నెలలుగా రెండు రకాల బిళ్లలు, వాటికి తోడు రోజూ సెలీనియం బాగా ఉండే బ్రెజిల్ నట్స్ నాలుగు. జుట్టు రాలేకొద్దీ మోతాదు పెంచుకుంటూ పోయారు పాపం. రక్తం సీరంలో సెలీనియం పైహద్దుకి మూడింతలుంది. "నాకు నేనే చేసుకున్నానా సార్?" అని ఏడ్చేశారు. ఆవిడ తప్పేముంది? చుట్టూ ఉన్నవాళ్లంతా అదే చెప్పారు. బిళ్లలు మానేశాక కొన్నాళ్లకి గోరు మొదట్లోంచి నున్నగా రావడం మొదలైంది.

అపోహ: మా ప్రాంతంలో సగటు తక్కువట, కాబట్టి నాకూ తక్కువే.

వాస్తవం: సర్వేలో వచ్చే సగటు మీ ఒంట్లో ఎంతుందో చెప్పదు. ఫిన్లాండ్ నేలలో సెలీనియం తక్కువని 1984లో ఎరువుల్లో కలపడం మొదలుపెట్టారు. తిండిలో, జనం రక్తంలో ఎంత పెరిగిందో కొలుచుకుంటూ, ఎరువులో దాని మోతాదు తగ్గించారు, పెంచారు. సర్వేలు అలాంటి నిర్ణయాలకి. పైగా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉంటే సీరం సెలీనియం దానంతటదే పడిపోతుంది. ఆ వాపుని పట్టిచ్చే రక్తపరీక్ష సీఆర్‌పీ చూడకుండా 'లోపం' అని టెన్షన్ పడొద్దు.

వెంట్రుకల టెస్టు? సెలీనియం సల్ఫైడ్ ఉన్న చుండ్రు షాంపూ వాడితే ఆ అంకెని నమ్మలేం.

టెస్టుకి వచ్చేటప్పుడు మీరు వాడే డబ్బాలన్నీ, మల్టీవిటమిన్‌తో సహా, ఒక సంచిలో వేసుకుని రండి. లేబుళ్ల మీదున్న మైక్రోగ్రాములు కలిసి కూడదాం.