లింక్ డాక్యుమెంట్లు, గిట్ చరిత్ర

హనుమకొండలో ఇంజనీరింగ్ చదివే అబ్బాయి ఒకరు అడిగాడు: "సార్, ప్రాజెక్టులో నలుగురం ఉన్నం. పాత కమిట్ మెసేజ్‌లో స్పెల్లింగ్ దిద్ది ఫోర్స్ పుష్ చేసిన. మిగతా ముగ్గురి దగ్గర అంతా ఆగమైంది. మార్చింది ఒక్క అక్షరమే గదా?"

ఒక్క అక్షరమే. వాళ్లు వాడేది గిట్, అంటే కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం. అందులో దాచిన ఒక్కో మెట్టు ఒక కమిట్. సర్వర్‌లోని చరిత్ర మీద మన చరిత్రను బలవంతంగా రాసేయడం ఫోర్స్ పుష్. ఆ ఒక్క అక్షరం ఎంత దూరం పోతుందో చూడాలంటే లింక్ డాక్యుమెంట్లు గుర్తు తెచ్చుకోండి. వరంగల్‌లో ప్లాటు కొనేవాళ్లు ముందుగా అడిగేవి అవే. ప్రతి దస్తావేజులోనూ, ఈ స్థలం నాకు ఫలానా నంబరు దస్తావేజు ద్వారా వచ్చిందని రాసి ఉంటుంది. ఆ నంబరును ఆఫీసువాళ్లు వరసగా ఇస్తారు. అలా కాకుండా, దస్తావేజులోని ప్రతి అక్షరాన్నీ కలిపి లెక్కగట్టి నంబరు పుట్టిస్తే? 1998 నాటి కాగితంలో ఇంటిపేరు దిద్దగానే దాని నంబరు మారుతుంది. 2007 దస్తావేజు ఆ నంబరును ఉదహరించింది కాబట్టి దాని పాఠమూ, నంబరూ మారతాయి. ఆ తర్వాత 2015ది. ఇలా ఇవాళ్టి దాకా.

2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్ పని కోసం రాసిన గిట్ సరిగ్గా ఇలాగే నడుస్తుంది. ఫైళ్లన్నిటి గుర్తు, పేరెంట్ కమిట్ (అంటే దాని ముందటిది) నంబరు, రాసినవాళ్ల పేరు, సమయం, మెసేజ్ కలిపి షా-1 లెక్కలో వేస్తే 160 బిట్ల నంబరు వస్తుంది. తెర మీద అది 40 అక్షరాలు. చివరి నుంచి పదో కమిట్ ముట్టుకుంటే పదీ కొత్తవే. కోడ్ ఏమీ మారలేదు, అయినా గిట్ కంటికి అవి వేరే కమిట్లు. స్నేహితులు పుల్ చేస్తే, అంటే సర్వర్‌లోనివి తెచ్చి తమవాటితో కలుపుకుంటే, పాత పదీ కొత్త పదీ కలిసి ప్రతిదీ రెండుసార్లు కనిపిస్తుంది.

కాలేజీల్లో గిట్ కమాండ్లను మంత్రాల్లా బట్టీ పట్టిస్తున్నారు, అందుకే పిల్లలకు అంత భయం. క్యాట్-ఫైల్ కమాండుతో ఒక కమిట్ విప్పి అందులో పేరెంట్ నంబరు చూపిస్తే చాలు, టెన్షన్ సగం పోతుంది.

నా మాట సూటిగా చెబుతాను. ఇంకెవరూ తీసుకోని సొంత బ్రాంచ్‌లో (కమిట్ల వరసలో) రీబేస్, అంటే కమిట్లను మళ్లీ కొత్తగా రాసుకోవడం, ఎన్నిసార్లయినా చేసుకోండి. నలుగురి మెయిన్ బ్రాంచ్‌లో మాత్రం వద్దు. రిజిస్టరైన దస్తావేజులో తప్పుంటే పాతదాన్ని గీకరు, దాని నంబరు చూపుతూ సవరణ దస్తావేజు రాస్తారు. గిట్‌లో రివర్ట్ అదే: పాత కమిట్‌ను అలాగే ఉంచి, దాని మార్పును రద్దు చేసే కొత్త కమిట్ రాస్తుంది. పాస్‌వర్డ్ పొరపాటున చేరిందా? చరిత్ర తుడిచినా కాపీలు ఇప్పటికే ముగ్గురి ల్యాప్‌టాపుల్లో ఉన్నాయి, ముందు పాస్‌వర్డ్ మార్చండి. ఎవరి వ్యక్తిగత వివరాలో తీసేయక తప్పకపోతే అందరూ ఒక సమయం అనుకుని, పని ఆపి, తర్వాత సర్వర్ నుంచి మొత్తం కొత్తగా క్లోన్ (కాపీ) చేసుకోవాలి.

ఆ అబ్బాయికి ఈ రాత్రికి పని ఇది: సొంత మార్పులు లేని ఇద్దరూ ఫెచ్ చేసి (సర్వర్‌లోని కమిట్లను తెచ్చుకుని), సర్వర్‌లోని మెయిన్ దగ్గరికి హార్డ్ రీసెట్ కొట్టాలి, అంటే తమ కాపీని అచ్చం దానిలా చేసుకోవాలి. మార్పులున్న మూడోవాళ్లు రీబేస్ ఆన్‌టో వాడి తమ కమిట్లను మాత్రమే కొత్త వరస మీదికి తెచ్చుకోవాలి. ఏదైనా పోయిందనిపిస్తే రెఫ్‌లాగ్ చూడండి, అది మీ ల్యాప్‌టాప్‌లో బ్రాంచ్‌లు ఎప్పుడు ఏ కమిట్ దగ్గర ఉన్నాయో రాసుకునే చిట్టా. బ్రాంచ్ నుంచి తెగిపోయిన కమిట్ల జాడను అది మామూలుగా 30 రోజులు ఉంచుతుంది.