రాతిపువ్వు వేసిన పల్లీలు

బేగంబజార్‌లో ఒక మసాలా దినుసుల కొట్టులో గుప్పెడు రాతిపువ్వు తీసుకుని వాసన చూశాను. పాత గోనెసంచి వాసన తప్ప ఏమీ రాలేదు. కొట్టాయన నన్ను చూసి, "గట్ల చూస్తే ఏం తెలుస్తదమ్మా, నూనెల ఏసి చూడు" అన్నాడు. ఇంటికొచ్చి వేసి చూశాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

పేరులో రాయీ, పువ్వూ ఉన్నా ఇది ఆ రెండూ కాదు, అసలు మొక్కే కాదు. ఇదొక లైకెన్. శిలీంధ్రమూ (బూజు, పుట్టగొడుగుల జాతి) శైవలమూ (నాచు జాతి) కలిసి చేసే కాపురం. శిలీంధ్రం ఇల్లు కట్టి తడిని పట్టి ఉంచుతుంది, శైవలం ఎండతో వంట చేసి పెడుతుంది. 1860ల్లో స్విస్ వృక్షశాస్త్రవేత్త సైమన్ ష్వెండెనర్ ఈ మాట చెబితే, అప్పటి లైకెన్ పండితులు చాలామంది ఒప్పుకోలేదు. ఎండు ముక్కను వెలుతురులో తిప్పి చూడండి. ఒక వైపు బూడిద రంగు, రెండో వైపు కాలిన కాగితంలా నలుపు. శైవలం ఉండేది బూడిద రంగు పొర కిందే, ఎండ తగిలేది అటువైపే మరి. హిమాలయాల్లో, పశ్చిమ కనుమల్లో అడవి చెట్ల బెరడు మీద నుంచి దీన్ని ఏరి తెస్తారు. మన హైదరాబాద్‌లో నిహారీకి వేసే మసాలా మూటలోనో (పొట్లీ) బిర్యానీ మసాలాలోనో పది దినుసుల మధ్య కలిసిపోతుంది. దీని రుచి విడిగా తెలియాలంటే పల్లీలే సరైన జోడీ అని నా నమ్మకం.

పల్లీ గింజలో దాదాపు సగం నూనె, నాలుగో వంతు మాంసకృత్తులు. మూకుట్లో సన్నని సెగ మీద వేయిస్తుంటే చాలాసేపు రంగే మారదు. లోపల తడి ఉన్నంతవరకు గింజ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. చిటపటలు మొదలయ్యాయంటే ఆవిరి పొట్టును చీల్చుకుని వస్తోందన్నమాట. తడి పోయాక వేడి 140 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి కొత్త పదార్థాలవుతాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మెయ్యార్ 1912లో వివరించిన చర్య ఇదే. వీధి చివర బండి కనబడకముందే మనకు అందే వేయించిన పల్లీల వాసన ఇందులో పుట్టే పైరజీన్లనే వాసన పదార్థాలది. తొందరపడి సెగ పెంచితే పైన మాడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. దించాక కూడా గింజ తన వేడికే ఇంకా వేగుతుంది. అందుకే అనుకున్న రంగు రాకముందే దించాలి.

ఉప్పు విషయంలో చాలాకాలం పొరపాటు చేశాను. నూనె పట్టించిన పల్లీల మీద ఉప్పు చల్లితే అంతా గిన్నె అడుగునే మిగిలేది. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలో కరుగుతుంది. ఇప్పుడు అర చెంచా ఉప్పు రెండు చెంచాల నీళ్లలో కలిపి, మూకుట్లో ఉండగానే వేడి పల్లీల మీద చిలకరిస్తున్నాను. చుయ్యిమని నీరు ఆవిరైపోయి ఉప్పు సన్నని పొరగా గింజను అంటుకుంటుంది. నూనె వంతు ఆ తర్వాతే.

రాతిపువ్వులో బెరడు ముక్కలూ మట్టీ ఉంటాయి. కడిగి, బాగా ఆరబెట్టాలి. చెంచాడు నూనె కాచి, రెండు ఎండుమిర్చి, కరివేపాకు, చివర్లో రాతిపువ్వు వేయండి. కొన్ని క్షణాలు చాలు, ఇంకాస్త ఉంచితే చేదెక్కుతుంది. లైకెన్‌లోని పదార్థాలు నీటిలో సరిగ్గా కరగవు, నూనెను మాత్రం పట్టుకుంటాయి. కరకరలాడే ముక్కల్ని వేళ్లతో నలిపి, నూనెతో సహా పల్లీల్లో కలపండి. ముందు తెలిసేది పల్లీ రుచే. నమిలేకొద్దీ తడిసిన బెరడు, కొంచెం పొగ.

ఒక్క సంగతి. ఊళ్లో రోడ్డు పక్క చెట్ల మీద ఇలాంటిది కనబడితే గీకి తెచ్చుకోవద్దు. లైకెన్లన్నీ తినేవి కావు. పైగా వీటికి వేర్లు లేవు, గాలిలో, వానలో వచ్చిందంతా పీల్చుకుని దాచుకుంటాయి, వాహనాల పొగలోని లోహాలతో సహా. పారిస్ తోటల్లో లైకెన్లను చూసి గాలి ఎంత శుభ్రమో చెప్పవచ్చని ఫిన్లాండ్ వృక్షశాస్త్రవేత్త విలియం నైలాండర్ 1866లోనే రాశాడు.

అడవిలో కూడా ఇది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. పావుకిలో పల్లీలకు నేను బొటనవేలంత ముక్కలు రెండే వేస్తాను.