ఉప్పుగాలిలో పాత కారు రేకు

పాత అంబాసిడర్‌నో పద్మినినో మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న పెయింట్ గురించే. ఉన్నదాని మీద ఎమరీ కొట్టి కొత్త రంగు వేయించాలా, రేకు బయటపడేదాకా మొత్తం ఒలిపించాలా? అనంతపురం పొడిగాలిలో దీనికి ఒక జవాబు, విశాఖపట్నం ఉప్పుగాలిలో ఇంకో జవాబు. విశాఖలో పెయింట్ తీయడం కష్టమేమీ కాదు, ఓపిక ఉంటే చాలు. తీసిన రేకును ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే తొలి పూత, పడేదాకా కాపాడుకోవడమే అసలు పని. అద్దంలా తయారైన కారు రెండు వానాకాలాలు తిరక్కుండానే పొక్కులు తేలిందంటే, తప్పు సాధారణంగా ఈ రెంటి మధ్యలోనే జరిగి ఉంటుంది.

ముందు ఒలవాల్సిన అవసరం ఉందో లేదో చూసుకోవాలి. కంపెనీలో పడే పెయింట్ మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అంబాసిడర్ 1958 నుంచి 2014 దాకా తయారైంది. వాటిలో పాతవి ఏ మూడు నాలుగు సార్లో రంగు వేయించుకుని ఉంటాయి. పొర మీద పొర పడేకొద్దీ కింది పొరల్లో పగుళ్లు మొదలవుతాయి. మందం కొలిచే గేజ్ లేకపోతే ఫ్రిజ్‌కు అంటించే చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరుపుకుంటూ పోండి. పట్టు సడలినచోట కింద పుట్టీ మందంగా ఉందని అర్థం. అసలు పట్టుకోకపోతే అక్కడ రేకు ఉందో లేదో కూడా అనుమానమే. హెడ్‌లైట్ల చుట్టూ, వెనక చక్రాల పైన, తలుపుల అడుగున, డిక్కీ నేలలో, ముందు అద్దం రబ్బరు కింద ఈ పరీక్ష తప్పనిసరి. పాత పెయింట్ గట్టిగా పట్టుకుని, పొక్కులూ పగుళ్లూ లేకుండా ఉన్నచోట దాన్ని ఉంచేయడమే తెలివైన పని. మొత్తం ఒలిపిస్తేనే గొప్ప రెస్టరేషన్ అన్నది షోకు తప్ప సైన్సు కాదు.

ఇనుము, ఆక్సిజన్, నీరు కలిస్తే తుప్పు అని బడిలో చదువుకున్నాం. సముద్రతీరంలో ఈ కథలో నాలుగో పాత్ర ఉప్పు. శుభ్రమైన ఉక్కు, తేమ 60 శాతం లోపున్న గాలిలో దాదాపు తుప్పు పట్టదు. ఉప్పు పడిన ఉక్కు సంగతి వేరు. వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే రేకు మీది ఉప్పు కూడా గాలిలోంచి నీరు లాక్కుంటుంది. సోడియం క్లోరైడ్ ఒక్కటే అయితే తేమ 75 శాతానికి చేరాక కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, దానికి 33 శాతం చాలు. విశాఖలో తేమ అంత కిందికి దిగడం చాలా అరుదు. అంటే ఉప్పు పడిన రేకు మీద, చేతికి పొడిగా తగిలినా సరే, కంటికి కనిపించని నీటిపొర ఎప్పుడూ ఉంటుంది.

అంతకన్నా చెడ్డ సంగతి, ఈ చర్యలో క్లోరైడ్ ఖర్చయిపోదు. తుప్పు గుంట అడుగున కరిగిన ఇనుముతో కలిసి ఐరన్ క్లోరైడ్ అవుతుంది. అది నీటితో చర్య జరిపి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం ఇంకాస్త ఇనుమును కరిగిస్తుంది, క్లోరైడ్ మళ్లీ మొదటికి వస్తుంది. పైన ఎంత మంచి పెయింట్ వేసినా గుంటలో ఉప్పు మిగిలితే ఈ చక్రం ఆగదు.

ఇక పనిలోకి దిగితే, అద్దాలు, రబ్బరు బీడింగులు, క్రోమ్ పట్టీలు, లైట్లు, వైరింగ్, సీట్లు అన్నీ ఊడదీయాలి. ప్రతి బోల్టునూ పేరు రాసిన కవర్లో వేయాలి. పెట్రోల్ ట్యాంకును ఊడదీసి బండికి దూరంగా పెట్టాలి. అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఫ్రేమ్ లేదు, బాడీయే బలం. డోర్ల కింది పెట్టె లాంటి భాగం తుప్పు తినేసి ఉంటే, తలుపులు తీయకముందే తలుపు సందుకు అడ్డంగా, ఐమూలగా ఇనుప గొట్టాలు వెల్డ్ చేయించాలి. లేకపోతే బాడీ మధ్యలో కుంగి, తలుపులు మళ్లీ సరిగ్గా పడవు. ఛాసిస్ నంబరు కొట్టిన చోట మందపాటి టేపు రెండు పొరలు వేసి, అక్కడ గ్రైండర్ పెట్టవద్దని మేస్త్రీకి ముందే చెప్పాలి. ఆ అంకెలు అరిగితే ఆర్‌సీ చిక్కులు పెయింట్ ఖర్చును మించిపోతాయి. బండి వయసు 50 ఏళ్లు దాటి, 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించే ఆలోచన ఉంటే ఇంకో జాగ్రత్త: బాడీ ఆకృతిని మార్చకూడదు.

పెయింట్ తీయడానికి మూడు దారులున్నాయి. పెయింట్ రిమూవర్ మందుతో తీయడం, డిస్కుతో గీకడం, బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రేణువుల్ని కొట్టి ఊడగొట్టడం). నాలుగోది బ్లో ల్యాంపుతో కాల్చి గీకడం. అది మాత్రం వద్దు. ఉక్కు ప్రతి డిగ్రీకి మీటరుకు 12 మైక్రాన్లు సాగుతుంది. మీటరు పొడవున్న బానెట్ 300 డిగ్రీలు వేడెక్కితే 3.6 మిల్లీమీటర్లు పెరగాలి. చుట్టూ చల్లటి రేకు బిగించి పట్టుకోవడంతో పెరగడానికి చోటు దొరక్క ఉబ్బుతుంది, చల్లారాక ఆ ఉబ్బు పూర్తిగా పోదు.

పెయింట్ రిమూవర్లలో బలమైనది డైక్లోరోమీథేన్. అది 40 డిగ్రీలకే మరిగిపోతుంది, కాబట్టి మన ఎండల్లో పెయింట్‌ను మెత్తబరచకముందే ఆవిరైపోతుంది. పొద్దున్నే, నీడలో చేయాలి. ముందుగా 40 నంబరు ఎమరీతో పెయింట్ మీద గాట్లు పెట్టాలి, బ్రష్‌తో ఒకే వైపుకు మందంగా పూయాలి, పైన పాలిథిన్ షీటు కప్పి 15, 20 నిమిషాలు వదిలేయాలి. పెయింట్ ముడతలు పడి లేస్తుంది. అంచులు మొద్దు చేసిన రేకుతో తోసేస్తే ఊడిపోతుంది. ఒక అంబాసిడర్‌కు ఐదారు లీటర్లు పట్టొచ్చు. ఈ ఆవిరి ఒంట్లోకి వెళ్లాక కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మూసిన షెడ్డులో ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది, గుండె జబ్బున్నవాళ్లు దగ్గరికే రాకూడదు. దుమ్ము మాస్కు దీన్ని ఆపదు, మామూలు రబ్బరు తొడుగుల్లోంచి నిమిషాల్లో దిగిపోతుంది. అది లేని బెంజైల్ ఆల్కహాల్ రకం మందు నిదానం, గంటలు పడుతుంది, కానీ ఇంటి దగ్గర చేసుకునేవారికి అదే మేలు.

మందు ఎక్కడ పూయకూడదో తెలియడం ఇంకా ముఖ్యం. తలుపు అంచున పైరేకు లోపలి రేకు మీదికి మడిచి ఉంటుంది. ఆ మడతలోకి మందు దిగితే బయటికి రాదు. ఆరు నెలల తర్వాత కొత్త పెయింట్‌ను అంచు నుంచి లేపుతుంది. అందుకే అన్ని అంచుల్లోనూ మూడు సెంటీమీటర్ల మేర టేపు వేసి వదిలేసి, ఆ పట్టీని తర్వాత చేత్తో గీకాలి.

మిగిలింది డిస్కు పని. నారలాంటి స్ట్రిప్ డిస్కు, తర్వాత 80 నంబరు పేపరు వేసిన డీఏ శాండర్ (ఎమరీ పేపరును తిప్పుతూ రుద్దే మెషిన్) సరిపోతాయి. వేగం తగ్గించుకునే గ్రైండర్ కావాలి. హెచ్చు వేగంలో పెయింట్ ఊడకుండా కరిగి రేకుకు పూసుకుంటుంది. అరచేయి ఆనించలేనంతగా రేకు కాలుతుంటే ఆపాలి. గట్టి గ్రైండింగ్ రాయి ముట్టుకోవద్దు. ఆ కాలపు రేకు మందం దాదాపు ఒక మిల్లీమీటరు, రాయి క్షణాల్లో దాన్ని సగం చేస్తుంది. వైర్ కప్పు బ్రష్‌కు ఇంకో దుర్గుణం ఉంది. అది తుప్పును తీసేయకుండా పాలిష్ పెడుతుంది. గుంటలోని తుప్పు మెరుస్తూ లోహంలా కనబడి మోసం చేస్తుంది. పాత ప్రైమర్లలోనూ పసుపు, ఎరుపు రంగుల్లోనూ సీసం ఉండొచ్చు. అతుకుల దగ్గర పుట్టీకి బదులు సీసం పోసిన బూడిదరంగు భాగాలు కనిపిస్తే, సీసం పొడి విషం కాబట్టి, వాటిని గ్రైండర్‌తో అసలు తాకకూడదు.

బ్లాస్టింగ్ గురించి విశాఖలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1948లో ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగినప్పటి నుంచీ ఓడలు కడుతున్న ఊరిది, బ్లాస్టింగ్ తెలిసిన చేతులకు కొదవ లేదు. చిక్కు కూడా అక్కడే ఉంది. ఓడ పలక మందం పది మిల్లీమీటర్ల పైమాటే. దానికి 7 బార్ ఒత్తిడి అలవాటైన చేయి అదే ఒత్తిడితో కారు బానెట్ మీదికి వస్తే పది నిమిషాల్లో బానెట్ పనికిరాకుండా పోతుంది. వేడికి వంగిందని అందరూ అనుకుంటారు, కానీ అసలు కారణం వేడి కాదు. ప్రతి రేణువూ ఒక చిన్న సుత్తి దెబ్బ. దెబ్బ తిన్న పైపొర పక్కలకు సాగాలని చూస్తుంది, అడుగుపొర సాగదు, దాంతో రేకు దెబ్బ తగిలిన వైపుకు ఉబ్బుతుంది. లోహాన్ని చిన్న గుండ్లతో కొట్టి గట్టిపరిచే షాట్ పీనింగ్ తీవ్రతను కొలవడానికి వాడే ఆల్మెన్ పట్టీ అనే ఉక్కు ముక్క పనిచేసేది ఈ సూత్రం మీదే.

అందుకని బానెట్, పైకప్పు, తలుపులు, డిక్కీ మూత లాంటి చదును భాగాలకు బ్లాస్టింగ్ వద్దు. నేల అడుగు, చక్రాల లోపలి గోడలు, సస్పెన్షన్ భాగాలు, కీళ్లు, బ్రాకెట్లకు అది బాగా పనికొస్తుంది. గార్నెట్ అనే గట్టి ఖనిజపు సన్నటి రేణువులు, 2 నుంచి 3 బార్ ఒత్తిడి, నాజిల్ అరమీటరు దూరంలో ఏటవాలుగా, ఒకేచోట నిలపకుండా. గార్నెట్ మనకు కొత్తదేమీ కాదు. భీమిలి నుంచి శ్రీకాకుళం దాకా తీరపు ఇసుకలో ఇల్మనైట్, సిల్లిమనైట్‌తో పాటు అదీ ఉంది, ఇసుక మీద ఎర్రటి చారలుగా కనిపిస్తుంది. అలాగని బీచ్ ఇసుక తెచ్చి కొట్టించడం కన్నా చేటు లేదు. అందులోని క్వార్ట్జ్ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ జబ్బు, ఉప్పు రేకులోకి దిగితే పైన చెప్పుకున్న చక్రం.

ఇప్పుడు వట్టి రేకు చేతిలో ఉంది. తుప్పు గుంటలున్న భాగాన్ని దగ్గరగా చూడండి. మెరిసే లోహంలో సూదిమొన అంత నల్లటి చుక్కలు కనిపిస్తాయి. రాత్రి వదిలేసి పొద్దున చూస్తే, చుట్టూ తెల్లగానే ఉంటుంది, సరిగ్గా ఆ చుక్కల చోటే గోధుమరంగు పొడి లేస్తుంది. అది ఉప్పు ఆచూకీ. గీకితే పోదు, కడగాలి. కడిగే నీరు కూడా ఉప్పుదే కాకూడదు. తీరం దగ్గర చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి, కాబట్టి టీడీఎస్ 50 లోపున్న ఆర్‌ఓ నీళ్లు వాడాలి. గుంటల్ని గట్టి నైలాన్ బ్రష్‌తో రుద్ది కడిగి, వెంటనే గాలి కొట్టి, హాట్ గన్‌తో గోరువెచ్చగా ఆరబెట్టి, ఒక రాత్రి ఆగాలి. చుక్కలు మళ్లీ లేస్తే మళ్లీ కడగాలి. ఆ తర్వాతే, మిగిలిన తుప్పును కరిగించే ఫాస్ఫారిక్ ఆమ్లం. దాన్ని ఆరనివ్వకుండా తడిగా ఉంచి, అదే మంచినీటితో కడిగేయాలి. మిగిలిపోతే ఎపాక్సీ ప్రైమర్ పట్టుకోదు. బాత్రూములు కడిగే యాసిడ్ చవగ్గా వస్తుంది, తుప్పును క్షణంలో తినేస్తుంది. కానీ అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, వదిలించుకోవాలనుకున్న క్లోరైడ్‌నే తిరిగి పోసినట్టవుతుంది.

ప్రైమర్ ఎప్పుడు కొట్టాలో ఓడల పనివాళ్ల నియమం చెబుతుంది: గాలిలో తేమ 85 శాతం లోపుండాలి, ఉక్కు వేడి మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని తేమ నీటిచుక్కలుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువుండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున ఆ బిందువు 26 డిగ్రీల దగ్గర ఉంటుంది. రాత్రంతా చల్లారిన రేకు పొద్దున ఏడింటికి అంతకన్నా చల్లగా ఉండొచ్చు, అంటే దాని మీద కంటికి ఆనని చెమట పట్టి ఉంటుంది. అదే జనవరిలో 22 డిగ్రీలు, 60 శాతం ఉంటే బిందువు 14 డిగ్రీలకు దిగుతుంది, భయం లేదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. తుఫాన్ల అక్టోబరు, నవంబరుల్లో వట్టి రేకు పెట్టుకోవడం కొరివితో తల గోక్కోవడమే. గాలిలోని ఉప్పు ఎక్కువగా తీరం నుంచి మొదటి కిలోమీటరులోపే పడిపోతుంది కాబట్టి, తీరానికి దూరంగా ఉన్న పెందుర్తి వైపు షెడ్డు బీచ్ రోడ్డు పక్క షెడ్డు కన్నా ఎంతో నయం.

మొత్తం కారును ఒకేసారి వట్టి రేకు తేల్చి కూర్చోవద్దు. ఉప్పు పోయిందో లేదో చూడటానికి రాత్రి ఆపాల్సిన గుంటల భాగాలు తప్ప, ఆ సాయంత్రంలోగా ప్రైమర్ కొట్టగలిగినంతే ఆ పొద్దున గీకండి. వట్టిచేత్తో ముట్టుకోవద్దు, చెమటలోనూ ఉప్పే. డీగ్రీజర్ తడిపిన గుడ్డతో ఒకసారి, అది ఆరకముందే పొడి గుడ్డతో ఒకసారి తుడవాలి.

కంప్రెసర్ మరచిపోయే శత్రువు. పైన చెప్పిన 30 డిగ్రీల, 80 శాతం గాలిలో ఘనమీటరుకు 24 గ్రాముల నీరుంటుంది. 7 బార్ దాకా నొక్కాక ఆ గాలి దాదాపు 4 గ్రాములే పట్టుకోగలదు, తక్కిన 20 గ్రాములు ట్యాంకులో నీళ్లవుతాయి. నిమిషానికి 300 లీటర్ల గాలి లాగే కంప్రెసర్ గంటకు మూడో వంతు లీటరు పైనే నీరు పోగేస్తుంది. ఫిల్టర్ లేకపోతే అది స్ప్రే గన్ గుండా నేరుగా ప్రైమర్‌లోకే వెళ్తుంది. పని మొదలెట్టే ముందు, మధ్యలోనూ డ్రెయిన్ వాల్వు తిప్పి నీళ్లు వదలాలి.

80 నంబరు గీతల మీద రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు పడితే రేకు నిశ్చింత. పుట్టీ ఆ ఎపాక్సీ మీదే పెట్టాలి, వట్టి రేకు మీద కాదు. పుట్టీ నీరు పీల్చుకుంటుంది. పాత అలవాటు ప్రకారం ఒక్క రెడ్ ఆక్సైడ్ ప్రైమర్‌తో సరిపెట్టి బండిని నెలల తరబడి ఆరుబయట ఉంచితే, తేమ దానిలోంచి రేకు దాకా చేరుతుంది.

గన్ చేరని చోట్లు డోర్ల కింది పెట్టెలు, తలుపుల లోపలి అడుగులు. ముందు అక్కడ చిక్కుకున్న బ్లాస్టింగ్ రేణువుల్ని గాలి కొట్టి, వాక్యూమ్ పెట్టి లాగేయాలి. పుట్టీతో మూసుకుపోయిన నీటి కన్నాల్ని 6 మిల్లీమీటర్ల బిట్‌తో తెరవాలి. పైపెయింట్ పూర్తిగా ఆరాక, పొడవాటి గొట్టపు నాజిల్‌తో కావిటీ వ్యాక్స్‌ను (బోలు భాగాల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనాన్ని) ఆ కన్నాల్లోంచి బొట్లు కారేదాకా కొట్టించాలి. కారింది తుడిచి, కన్నాలు మూసుకుపోలేదని తీగతో ఒకసారి చూసుకోవాలి. ఏటా జూన్‌కు ముందు మళ్లీ ఒక పట్టు పట్టించాలి.