వైజాగ్ నుంచి భీమిలి బీచ్ రోడ్డు: బండెక్కిన ప్రతివాళ్లూ చెప్పే అపోహలు, నేను చూసిన వాస్తవాలు

పదిహేనేళ్లుగా వైజాగ్‌లో టూరిస్ట్ క్యాబ్ నడుపుతున్నాను, ఆర్కే బీచ్ నుంచి భీమిలి రోడ్డు మీద వారానికి మూడు నాలుగుసార్లైనా ఉంటాను. ఈ రోడ్డంటే నాకు ప్రాణం. దూరం నుంచి వచ్చినవాళ్లు తప్పు టైమ్‌లో వచ్చి, తప్పు చోట ఆగి, ఇంతేనా అని వెళ్లిపోతుంటే మనసు ఊరుకోదు, అందుకే రాస్తున్నా.

అపోహ: పాతిక ముప్పై కిలోమీటర్లే కదా, గంటలో అయిపోద్ది, మధ్యాహ్నం అరకు వెళ్లిపోదాం.

ఆపకుండా తోలితే గంటే, నిజమే. కానీ అరకు ఒకవైపే వంద కిలోమీటర్ల పైన, అందులో ఘాట్ రోడ్డు, రెండూ ఒకే రోజు పెట్టుకుంటే రెండూ కారు అద్దంలోంచే చూస్తారు. బీచ్ రోడ్డుకి ఒక రోజు పూర్తిగా ఇవ్వండి.

అపోహ: వెళ్లేటప్పుడు ఒక్కోచోట ఆగుతూ వెళ్లాలి, తిరిగొచ్చేటప్పుడు ఏముంటుంది, నేరుగా వచ్చేయడమే.

సరిగ్గా తిరగేసి చెప్తున్నారు. మనం ఎడమవైపు నడుపుతాం, భీమిలి వెళ్లేటప్పుడు సముద్రం కుడిచేతి వైపు ఉంటుంది, అంటే మీకూ సముద్రానికీ మధ్యలో ఎదురొచ్చే బళ్లన్నీ ఉంటాయి, ఎక్కడ దిగాలన్నా పిల్లల్ని పట్టుకుని రోడ్డు దాటాలి. వచ్చేటప్పుడు ఎడమ కిటికీ పక్కనే నీళ్లు, బండి పక్కకి తీస్తే చాలు. వెలుతురు సంగతి కూడా అంతే, పొద్దున్న ఎండ సముద్రం మీద నుంచి నేరుగా కళ్లలో పడుతుంది, నీళ్లు తెల్లగా మెరుస్తాయి తప్ప రంగు కనపడదు, మధ్యాహ్నం దాటి సూర్యుడు కొండల వైపు తిరిగాకే అసలైన నీలం బయటపడుతుంది. అందుకే నేను పొద్దున్నే టిఫిన్ చేయించి నేరుగా భీమిలి తీసుకెళ్లిపోతాను, ఆగడాలన్నీ తిరుగుదారిలోనే. ఇంకోమాట, తెల్లవారుజామున వాకర్స్ కోసం ఆర్కే బీచ్ రోడ్డులో బళ్లు ఆపేస్తారు, ఆ టైమ్‌లో పైన సిటీ రోడ్డు పట్టుకోవాలి.

అపోహ: సాయంత్రం సముద్రంలో సన్‌సెట్ చూడాలి అన్నా, టైమ్‌కి దింపు.

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, కొండల వెనక దిగుతాడు. ఈమధ్య ఒక కొత్త జంట రుషికొండ బీచ్‌లో నీళ్ల వైపు చూస్తూ గంటసేపు కూర్చున్నారు, సూర్యుడు వాళ్ల వీపు వెనకే దిగిపోయాడు, ముందే చెప్పనందుకు నాకే బాధేసింది. సాయంత్రానికి కైలాసగిరి ఎక్కండి, ఒకవైపు ఊరి మీద ఎర్రటి ఆకాశం, ఇంకోవైపు రంగు మారుతున్న సముద్రం రెండూ దొరుకుతాయి. పౌర్ణమి రోజు వచ్చారంటే మీ అదృష్టం, అటు సూర్యుడు దిగే వేళకే ఇటు చంద్రుడు నీళ్లలోంచి లేస్తాడు.

అపోహ: అలలు లేనిచోట దిగితే భయం లేదు.

దీని గురించి ఎన్నిసార్లైనా చెప్తాను. ఒడ్డుకి కొట్టుకొచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి పోవడానికి ఒక దారి చేసుకుంటాయి, అక్కడ లోతు ఎక్కువ కాబట్టి అల విరగదు. రెండు పక్కలా తెల్లటి నురుగు, మధ్యలో నున్నగా కొంచెం ముదురు రంగులో ఒక సందు, మనకేమో అదే ప్రశాంతంగా కనిపిస్తుంది. జోడుగుళ్లపాలెంలో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నాకిది చూపించాడు, "ఇలా చూడు బాబూ" అని రెండు ఎండు కొబ్బరి చిప్పలు తీసుకుని ఒకటి నురుగులో వేశాడు, అది దొర్లుకుంటూ మా కాళ్ల దగ్గరికి వచ్చేసింది, రెండోది ఆ సందులో వేశాడు, మేం చూస్తుండగానే లోపలికి పోయి కనపడకుండా అయిపోయింది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. అందులో పడితే ఒడ్డువైపు ఎదురీదొద్దు, ఎంత ఈతగాడైనా అలిసిపోతాడు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది సందు దాటాక అలతో పాటు రావాలి. ఒడ్డున ఉన్నవాళ్లు కాపాడదామని దూకేయకుండా లైఫ్‌గార్డుని పిలవండి, తేలేది ఏదైనా ఉంటే విసరండి. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది కదా ఎక్కడైనా దిగొచ్చు అంటారు, ఆ గుర్తింపు బీచ్ మొత్తం ఈత కొట్టుకోమని కాదు, లైఫ్‌గార్డులు కాసే చోటే దిగాలి. ఆర్కే బీచ్‌లో, యారాడ బీచ్‌లో మోకాలి లోతు దాటొద్దు, ఆ మోకాలి లోతులో కూడా పిల్లల చెయ్యి వదలొద్దు.

అపోహ: భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలంటే మట్టి కుప్పలే, ఐదు నిమిషాలు చాలు.

మట్టి కాదు, ఇసుక. గుప్పెడు తీసుకుని అరచేతిలో నలపండి, ఎర్రటి పొడి వేళ్లకి అంటుకుంటుంది, లోపల గింజ మాత్రం ఇసుక గింజే, ఆ రంగు ఇనుము ఆక్సైడ్ పూత. సముద్రం వెనక్కి తగ్గిన కాలంలో గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక వేల ఏళ్లకి ఇలా గట్టిపడింది, వాన నీళ్లు దాన్ని కోసి ఆ లోయలు చేశాయి. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో తప్ప మన చుట్టుపక్కల పెద్దగా లేవు, జియాలాజికల్ సర్వే వాళ్లు జియో హెరిటేజ్ సైట్‌గా గుర్తించారు. దయచేసి అంచులెక్కి ఫొటోలు దిగకండి, విరిగి పడతాయి, పడ్డ దిబ్బ మళ్లీ రాదు.

అపోహ: ఎస్‌యూవీ అయితే ఇసుకలోకి దింపేయొచ్చు.

ఎత్తుగా ఉన్నంత మాత్రాన నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లదు. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, చక్రం ఇంకా గొయ్యి తవ్వుకుంటుంది, టైర్లలో గాలి బాగా తగ్గించి, ముందు ఇసుక చేత్తో తీసి, కాళ్ల కింద వేసే మ్యాట్లు చక్రాల కిందకి తోసి మెల్లగా రావాలి. ఇంటికెళ్లాక బండి అడుగున మంచినీళ్లు కొట్టించండి, ఉప్పు ఊరికే వదలదు.

భీమిలిలో ఏముంది అంటారు. 1861లోనే మునిసిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. బొర్రా గుహల్లోంచి వచ్చే గోస్తనీయే ఇది. తిరుగుదారిలో తొట్లకొండ ఎక్కండి, నీళ్ల కోసం బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు, పైనుంచి మీరొచ్చిన రోడ్డంతా కనిపిస్తుంది.

వానాకాలం రావొద్దంటారు గానీ ఎర్రమట్టికి, కొండలకి అప్పుడే రంగు. జాగ్రత్తంతా అక్టోబరు, నవంబరు తుఫాన్లతోనే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కైలాసగిరి చెట్లని ఏం చేసిందో కళ్లారా చూశాను, వార్నింగ్ ఉందంటే ఎవరు ఎంతిచ్చినా నేను ఆ రోడ్డెక్కను.

సాయంత్రం ఆఖరున ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా మార్చిన కురుసుర సబ్‌మెరైన్, బయటికొచ్చాక మురీ మిక్చర్. సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఆ రోజు సబ్‌మెరైన్‌కి సెలవు.