సాంచా ఖాతా సామాను

ముంబైలో కూల్చేసిన బట్టల మిల్లుల దూలాలు, నూలు చుట్టే కండెలు, మగ్గంలో నూలును అటూ ఇటూ తీసుకెళ్లే నాడెలతో ఇప్పుడు బల్లలు, దీపాలు, శిల్పాలు చేస్తున్నారు. పైకప్పు మోసిన బర్మా టేకు ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి గిరాకీ ఎక్కువ. ఈ సామానంతా ఎలా బయటికొచ్చిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1854లో కావస్‌జీ దావర్ అక్కడ మొదటి నూలు మిల్లు కంపెనీ పెట్టాడు. తర్వాత పరేల్, లాల్‌బాగ్, వర్లీల నిండా పొగగొట్టాలు లేచాయి. ఆ ప్రాంతాన్ని మరాఠీలో గిరణ్‌గావ్, అంటే మిల్లుల ఊరు, అన్నారు. కొంకణ్ వాళ్లతో పాటు తెలంగాణ పద్మశాలీలూ అక్కడికి బతకబోయారు. మిల్లులో నేత విభాగాన్ని సాంచా ఖాతా అనేవారు. సిరిసిల్లలో మరమగ్గాన్ని ఇప్పటికీ సాంచా అనే అంటారు. మనవాళ్లు అక్కడ ఎంత చెమటోడ్చారో ఆ ఒక్క మాటలో నాకు వినిపిస్తుంది.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు 2.5 లక్షల మంది మిల్లు కార్మికులు జీతాలు, బోనస్ కోసం సమ్మెకు దిగారు. సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించనేలేదు. చాలామందికి మళ్లీ పని దొరకలేదు. మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

అసలు మలుపు నేల దగ్గరుంది. మిల్లుల కింద దాదాపు 600 ఎకరాలున్నాయి. 1991 నిబంధన ప్రకారం మిల్లు స్థలాన్ని అభివృద్ధి చేస్తే మూడో వంతు నగరపాలికకు, మరో మూడో వంతు పేదల ఇళ్లకు ఇవ్వాలి. 2001లో దాన్ని సవరించారు. ముందు నుంచీ ఖాళీగా ఉన్న జాగాకే ఆ వాటా అన్నారు. షెడ్డు కూలిస్తే వచ్చే నేల లెక్కలోకి రాలేదు, అది యజమానికే మిగిలింది. 2006లో సుప్రీంకోర్టూ దీన్ని సమర్థించింది. షెడ్లు పోయి మాల్స్, టవర్లు వచ్చాయి, దూలాలు పాత సామాన్ల బజారుకు చేరాయి.

అక్కడ దొరికే కండెను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అడుగున లోహపు కట్టు, నూలు జారకుండా గాళ్లు, చేతుల రాపిడికి నున్నబడిన చెక్క. కొన్నిటికి రంగు పట్టీ కూడా ఉంటుంది, ఒక కౌంటు (సన్నదనపు కొలత) నూలు ఇంకోదానితో కలవకుండా వేసిన గుర్తు. కళాకారులు చాలాసార్లు దాన్ని గీకి పాలిష్ పెడతారు. దయచేసి ఆ పట్టీని ఉంచండి. ఏ మిల్లుదో తెలిస్తే ఆ పేరూ పక్కన రాయండి.