ఆత్మరక్షణ క్లాసులో మొహమాటం పాఠం ఎందుకు?

"కరాటే నేర్పితే చాలు కదండీ, మామయ్యలు, బాబాయిల సంగతి పిల్లలకెందుకు?" హైస్కూలు ఆడపిల్లలకు ఉచితంగా ఆత్మరక్షణ నేర్పే మాలాంటి వాలంటీర్లకు పేరెంట్స్ మీటింగులో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఎక్కడైనా ఘోరం జరగ్గానే బళ్లవాళ్లు ట్రైనర్ల కోసం ఫోన్లు చేస్తారు. తీరా వెళ్లాక ఏం నేర్పాలన్న దగ్గర పేచీ వస్తుంది. ఆ పేచీ ఇప్పుడు మళ్లీ మొదలైంది.

2012 డిసెంబరు ఢిల్లీ ఘటన, 2014లో హైదరాబాద్‌లో షీ టీమ్స్, 2019లో శంషాబాద్ దగ్గర దిశ హత్య పాఠకులకు తెలిసినవే. ఢిల్లీలోనూ, శంషాబాద్‌లోనూ ఆరోపణలు వచ్చినవాళ్లు ఆ అమ్మాయిలకు ముక్కూమొహం తెలియనివాళ్లు. రాత్రి వేళ, రోడ్డు మీద, ఎవరో అపరిచితుడు. ఆత్మరక్షణ అనగానే మనకు ఆ బొమ్మే కళ్ల ముందు నిలిచిపోయింది, బళ్లలో పాఠాలూ దాన్నిబట్టే తయారయ్యాయి. దేశంలో నేరాల లెక్కలు తీసే కేంద్ర సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్కల్లో మాత్రం అత్యాచారం కేసుల నిందితుల్లో 90 శాతానికి పైగా బాధితురాలికి తెలిసినవాళ్లే.

ఈ విషయంలో నా ఆలోచనను మార్చింది 2015 జూన్‌లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చిన ఒక అధ్యయనం. కెనడాలో షార్లీన్ సెన్ బృందం మూడు యూనివర్సిటీల్లో మొదటి ఏడాది చదువుతున్న 893 మంది అమ్మాయిలను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు 12 గంటల శిక్షణ ఇచ్చారు, రెండో గుంపుకు కరపత్రాలు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి కరపత్రాల గుంపులో 9.8 శాతం మంది అత్యాచారానికి గురయ్యారు. శిక్షణ పొందినవాళ్లలో 5.2 శాతం.

దాదాపు సగానికి సగం తగ్గింది. ఇంతకీ ఆ 12 గంటల్లో నేర్పిందేమిటి? మూడేసి గంటల చొప్పున నాలుగు భాగాలు. చేతులకూ కాళ్లకూ పని చెప్పేది అందులో ఒక్కటే. ప్రమాదాన్ని ముందే పసిగట్టడం ఒకటి, సంబంధాల్లో తనకేం కావాలో తను తేల్చుకోవడం ఇంకొకటి. మిగిలిన భాగం, తెలిసినవాడు హద్దు దాటుతున్నా నోరెందుకు పెగలదు, పెగలాలంటే ఏం చేయాలి అన్నది. మన భాషలో దానికి ఒక్క మాట చాలు, మొహమాటం.

వాళ్లంటే కాలేజీ అమ్మాయిలు, చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకని అడుగుతారు. అంతకు రెండేళ్ల ముందే, 2013లో, నైరోబీ మురికివాడల హైస్కూలు అమ్మాయిల మీద చేసిన అధ్యయనం వచ్చింది. రెండేసి గంటల క్లాసులు ఆరు. ఏడాదిలో లైంగిక దాడికి గురైనవాళ్లు 24.6 శాతం నుంచి 9.2 శాతానికి తగ్గారు. నేర్చుకున్నది వాడి దాడిని తప్పించుకున్నామని సగం మందికి పైగా చెప్పారు.

మన దగ్గర బడి చదువుల కోసం కేంద్రం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద రాణి లక్ష్మీబాయి ఆత్మరక్షణ శిక్షణ ఉంది. 6 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు మూడు నెలలు. ఒక్కో బడికి నెలకు 3,000 రూపాయలు ఇచ్చేవారు, 2021లో దాన్ని 5,000 చేశారు. పెంచడం మంచిదే. నేను చూసిన బళ్లలో మాత్రం ఆ శిక్షణంతా ఆగస్టు 15న గ్రౌండులో వరసగా నిలబడి పంచ్‌లు చూపించడంతో సరి.

మణికట్టు పట్టుకుంటే అవతలివాడి బొటనవేలి వైపుకి తిప్పి లాగాలి, పట్టు అక్కడే బలహీనం. పిల్లలకు ఇది పది నిమిషాల్లో వచ్చేస్తుంది. "ఇప్పుడు నీ చెయ్యి పట్టుకున్నది ట్యూషన్ సార్ అనుకో" అనగానే అప్పటిదాకా చకచకా తిరిగిన చెయ్యి ఆగిపోతుంది. "సార్‌ని ఎలా అక్కా?" అంటారు. "వద్దు" అని గట్టిగా అరవమంటే చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ అరుపు గొంతు దాటి రావడానికే రెండు క్లాసులు పడుతుంది.

నేర్పాల్సింది మగపిల్లలకు, ఆడపిల్లల మీద ఈ భారమేమిటి అనేవాళ్లున్నారు. న్యాయమైన మాటే, మగపిల్లలకూ క్లాసు పెట్టాలి. అది ఫలించేదాకా ఈ ఏడు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లను ఆగమనలేం.

పేచీకి అసలు కారణం ఇంకొకటని నాకనిపిస్తుంది. మొహమాటం గురించి మాట్లాడితే పిల్లలు నోరు విప్పుతారు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. బడికైనా, వాలంటీరుకైనా అదే రూలు. యాజమాన్యాలకు టెన్షన్ అక్కడే. పంచ్‌లు, కిక్‌లు నేర్పితే ఆ తలనొప్పి ఉండదు.

ఒక బళ్లో క్లాసు అయ్యాక చాపలు చుడుతుంటే ఒక అమ్మాయి ఉండిపోయింది. చాప రెండో కొస పట్టుకుని, నా మొహం చూడకుండా, "సొంతవాళ్లయినా అరవొచ్చా అక్కా?" అని అడిగింది. ఆ సాయంత్రమే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం. మరుసటి వారం బడి నుంచి మెసేజ్ వచ్చింది, ఇకమీదట కరాటే ఒక్కటే నేర్పండని.