“మన ఏజెంటే కదండీ?” ఫ్లోరిడాలో ట్రాన్సాక్షన్ బ్రోకర్: అపోహలు - వాస్తవాలు

టాంపా అయినా, జాక్సన్‌విల్ అయినా, ఓర్లాండో అయినా ఇల్లు కొనబోయే మనవాళ్ళ నోట పదేపదే వినిపించే మాట ఒకటుంది. “ఏజెంట్ మన తెలుగాయనేనండీ, మా తరఫున బేరమంతా ఆయనే చూసుకుంటాడు.” ఏ కాగితం మీద సంతకం చేశారని అడిగితే “ఏదో బయ్యర్ అగ్రిమెంట్, అందరూ చేసేదేగా” అంటారు. ఆ కాగితం తెరిస్తే చాలాసార్లు లోపల ‘ట్రాన్సాక్షన్ బ్రోకర్’ అని ఉంటుంది. అంటే చట్టం దృష్టిలో ఆయన మీ మనిషి కాదు. అమ్మేవాళ్ళ మనిషీ కాదు. లావాదేవీ సక్రమంగా జరిగేలా చూసే మనిషి, అంతే.

అపోహ: నేను పెట్టుకున్న ఏజెంట్ నా వైపే ఉంటాడు

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే, అందుకే దీని గురించే ఎక్కువ చెబుతాను. ఫ్లోరిడా చట్టం 475.278 సెక్షన్ ప్రకారం, రాతపూర్వకంగా వేరే సంబంధం పెట్టుకుంటే తప్ప ప్రతి లైసెన్సుదారునీ ట్రాన్సాక్షన్ బ్రోకర్‌గానే లెక్కిస్తారు. “నేను తటస్థుణ్ణి” అని నోటీసు ఇవ్వాల్సిన నిబంధన కూడా 2008 జులై నుంచి లేదు. మీరు ఏమీ అడగకపోతే మీకు దక్కేది ఈ తటస్థ బ్రోకరే.

ఆయన మీకు బాకీ ఉన్నవి ఇవి: నిజాయతీగా వ్యవహరించడం, చేతికొచ్చిన ప్రతి డాలరుకూ లెక్క చెప్పడం, పనిలో నైపుణ్యం, శ్రద్ధ చూపడం, ఇంటి విలువను దెబ్బతీసే విషయాలు తనకు తెలిసి ఉండి, అవి మీ కంటికి తేలిగ్గా కనిపించనివైతే చెప్పడం, ఆఫర్లూ కౌంటర్ ఆఫర్లూ ఆలస్యం లేకుండా చేరవేయడం, పరిమితమైన గోప్యత. మంచి బాధ్యతలే. కానీ ఈ జాబితాలో మీ పట్ల విధేయత లేదు, మీరు చెప్పింది చెయ్యాలన్న నియమం లేదు, తెలిసినదంతా మీకు చెప్పాలన్న బాధ్యత లేదు. అవి ఒక్క పక్షం తరఫునే పనిచేసే ‘సింగిల్ ఏజెంట్’కు మాత్రమే ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకోండి. ఇంటి ధర 4,65,000 డాలర్లు. అమ్మేవాళ్ళకు వేరే రాష్ట్రానికి బదిలీ అయింది, రెండు ఇళ్ళ మార్ట్‌గేజ్ కడుతున్నారు, 4,40,000కైనా ఇచ్చేస్తారు. ఇరువైపులా ఒకే బ్రోకర్ ఉన్నాడు కాబట్టి ఇదంతా ఆయనకు తెలుసు. ఇల్లు చూసి వచ్చి డ్రైవ్‌వేలో కారెక్కబోతూ “ఎంతకు వెయ్యమంటారు?” అని మీరు అడుగుతారు. చుట్టుపక్కల ఈమధ్య అమ్ముడైన ఇళ్ళ ధరలు ఆయన చూపించవచ్చు. అమ్మేవాళ్ళు ఎందుకు అమ్ముతున్నారో, ఎంతవరకు దిగుతారో మాత్రం చెప్పకూడదు, చెబితే చట్టాన్ని ఉల్లంఘించినట్టే. మీరు 4,62,000 వేస్తారు, అవతల ఒప్పుకుంటారు. ఆయన తప్పేమీ చేయలేదు. పోయిన 22,000 డాలర్లు మాత్రం మీవి. అదే మరో సంస్థకు చెందిన సింగిల్ ఏజెంట్ మీకుంటే, అమ్మేవాళ్ళ పరిస్థితి గురించి తనకు తెలిసింది మీకు చెప్పి తీరాలి.

మరేం చెయ్యాలి? 2024 ఆగస్టు 17 నుంచి, అమ్మకానికున్న ఇళ్ళ వివరాలు ఏజెంట్లు పంచుకునే ఎంఎల్ఎస్‌ను వాడేవాళ్ళు ఇల్లు చూపించే ముందే కొనేవాళ్ళతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. కాబట్టి అడగాల్సిన సమయం మొదటి ఇల్లు చూడకముందే: “సింగిల్ ఏజెంట్‌గా చేస్తారా?” ఒప్పుకుంటే సింగిల్ ఏజెంట్ నోటీసు రాతలో ఇవ్వాలి. అలా చేయని సంస్థలూ ఉన్నాయి. అప్పుడు చేసే సంస్థను వెతుక్కోండి.

రెండో కాగితం ఇంకా జాగ్రత్తగా చూడాలి. సింగిల్ ఏజెంట్‌ను ట్రాన్సాక్షన్ బ్రోకర్‌గా మార్చే అంగీకార పత్రం అది. మీ సంతకమో ఇనీషియలో లేకుండా ఆ మార్పు చెల్లదు. కానీ మొదటి రోజు పెట్టించే సంతకాల కట్టలోనే దీన్నీ కలిపేస్తారు. మీ ఏజెంట్ పనిచేసే సంస్థే (బ్రోకరేజ్) అమ్మకానికి పెట్టిన ఇల్లు మీకు నచ్చినప్పుడు ఇది అవసరమవుతుంది, ఎందుకంటే ఒకే లావాదేవీలో ఇద్దరికీ పూర్తి ఏజెంటుగా ఉండే డ్యుయల్ ఏజెన్సీ ఫ్లోరిడాలో నిషిద్ధం. “మీ మనిషి వేరు, వాళ్ళ మనిషి వేరు, ఆఫీసు ఒక్కటే” అన్న సర్దుబాటు ఇళ్ళ కొనుగోలులో కుదరదు, ఎందుకంటే మీ సంబంధం ఆ ముఖంతో కాదు, బ్రోకరేజ్‌తో. అలా చెరొకరిని కేటాయించే వీలు నివాసేతర ఆస్తులకే ఉంది, అదీ ఇరుపక్షాలకూ చెరో 10 లక్షల డాలర్ల ఆస్తి ఉంటేనే. మార్పు ఇష్టం లేకపోతే, ఆ ఒక్క ఇంటిని మీ అగ్రిమెంట్ నుంచి రాతపూర్వకంగా మినహాయించమని అడగండి.

ఇప్పటికే సంతకం చేసి ఇది చదువుతున్నవాళ్ళు నిద్ర పాడుచేసుకోకండి. ట్రాన్సాక్షన్ బ్రోకర్‌తో కొన్న ఎన్నో ఇళ్ళు సవ్యంగానే క్లోజ్ అవుతాయి. లేని అండను ఉందనుకోవడమే ప్రమాదం. ఆ ఖాళీని పూరించడానికి సొంత రియల్ ఎస్టేట్ అటార్నీని పెట్టుకోండి, ఇన్‌స్పెక్టర్‌ను మీరే ఎంచుకోండి. ఇల్లు ఉన్నది ఉన్నట్టుగా కొనే ‘యాజ్ ఈజ్’ ఒప్పందంలో ఇన్‌స్పెక్షన్ గడువు గడి ఖాళీగా వదిలేస్తే 15 రోజులు. అటార్నీ దగ్గరికి ఆ గడువు లోపలే వెళ్ళాలి, ముగిశాక వెళితే చేయగలిగింది తక్కువ.

అపోహ: తటస్థుడంటే మన ఊళ్ళో మధ్యవర్తి లాంటివాడే

మన దగ్గర మధ్యవర్తి “మీరు కాస్త దిగండి, మీరు కాస్త ఎక్కండి” అంటూ ఇద్దరి మనసులోని అంకెలూ తెలుసుకుని మధ్యలో ముడి వేస్తాడు. ఇక్కడ ఆ పని చేయకూడదు. అమ్మేవాళ్ళు తక్కువకు ఇస్తారని, కొనేవాళ్ళు ఆఫర్‌లో రాసినదానికన్నా ఎక్కువ ఇస్తారని, ఎవరు ఎందుకు కొంటున్నారో అమ్ముతున్నారో, ఫైనాన్స్ షరతుల్లో ఎవరు ఎంత సర్దుకుంటారో, రహస్యంగా ఉంచమని ఎవరు ఏది అడిగారో, వీటిలో ఏదీ బయటపెట్టకూడదు. సంబంధిత పక్షం రాతపూర్వకంగా వదులుకుంటే తప్ప.

కాబట్టి “కమీషన్ కోసం మన గరిష్ఠ ధర అవతలికి చేరవేస్తాడు” అన్న వాట్సాప్ పుకారును పట్టుకుని వణకనక్కర్లేదు. అసలు జాగ్రత్త పడాల్సింది వేరేచోట. ఓపెన్ హౌస్‌లో నిలబడ్డ లిస్టింగ్ ఏజెంట్ అమ్మేవాళ్ళకు సింగిల్ ఏజెంట్ అయి, మీతో ఏ సంబంధమూ లేదని నోటీసు ఇస్తే, “480 దాకా వెళ్తామండీ” అన్న మీ మాటను దాచాల్సిన బాధ్యత ఆయనకు లేదు. పైగా అమ్మేవాళ్ళకు చెప్పడమే ఆయన విధి. కౌంటర్‌టాప్ బాగుందని చెప్పండి, చాలు.

అపోహ: తటస్థుడు కాబట్టి ఇంటి లోపాలు చెప్పక్కర్లేదు

చెప్పాలి, ఇది ఏ హోదాలో ఉన్నా తప్పదు. కానీ ‘తెలిసినవి’ అన్న మాట మరవకండి. అటక ఎక్కి వెతకాల్సిన పని ఆయనది కాదు, ఇన్‌స్పెక్టర్‌ది. మనవాళ్ళు చాలామంది చూసే పాస్కో కౌంటీ (టాంపా పక్కనే) సింక్‌హోల్స్‌కు, అంటే నేల ఉన్నట్టుండి కుంగి పడే గుంతలకు, పేరుపడ్డ ప్రాంతం. సింక్‌హోల్ ఇన్సూరెన్స్ క్లెయిమ్ డబ్బు అందుకుని ఉంటే ఆ సంగతి, ఆ మొత్తమంతా మరమ్మతుకే వాడారా లేదా అన్నది అమ్మేవాళ్ళు చెప్పాలి. అయినా మీరు రాతలో అడగండి. ఇంట్లో ఎవరైనా చనిపోయారా, హత్యో ఆత్మహత్యో జరిగిందా అన్నది మాత్రం ఫ్లోరిడాలో తప్పనిసరిగా చెప్పాల్సిన విషయం కాదు. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు ముందే విచారించుకోవాలి.

అపోహ: బయానా డబ్బు బ్రోకర్ దగ్గరుంటే భద్రం, గొడవొస్తే ఆయనే తీరుస్తాడు

సోమవారం సేల్స్ అసోసియేట్ (బ్రోకర్ కింద పనిచేసే ఏజెంట్) చేతికి చెక్ ఇస్తే మంగళవారం ముగిసేలోగా అది బ్రోకర్‌కు అందాలి, గురువారం ముగిసేలోగా బయానా విడిగా ఉంచే ఎస్క్రో ఖాతాలో పడాలి. మధ్యలో సెలవుంటే గడువు ఆ మేరకు ముందుకు జరుగుతుంది. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఆ డబ్బు మాదంటే మాదంటే బ్రోకర్ తనకు న్యాయమనిపించినవాళ్ళకు ఇచ్చేయకూడదు. 15 పనిదినాల్లో ఫ్లోరిడా రియల్ ఎస్టేట్ కమిషన్‌కు తెలియజేసి, 30 పనిదినాల్లో మధ్యవర్తిత్వమో, ఆర్బిట్రేషనో, కోర్టో, కమిషన్ ఆదేశమో ఏదో ఒక దారి మొదలుపెట్టాలి. డబ్బు టైటిల్ కంపెనీ దగ్గరో అటార్నీ దగ్గరో ఉంటే ఈ గడువులు వర్తించవు. చెక్ ఎవరి పేరున రాస్తున్నారో చూసుకోమనేది అందుకే.

మిగతావి గబగబా. కమీషన్‌లో కొంత మీకు తిరిగి ఇవ్వడం నేరం కాదు, కానీ సంబంధిత పక్షాలన్నిటికీ తెలియాలి, లెండర్‌కూ తెలియాలి. క్లోజింగ్ అయ్యాక జెల్ (Zelle) యాప్‌లో పంపుతాననే మాటకు ఒప్పుకోకండి. లైసెన్సు లేని స్నేహితుడికి “మీరు పంపారు కదా” అంటూ ఏజెంట్ డబ్బివ్వడం చట్టవిరుద్ధం. బిల్డర్ మోడల్ హోమ్‌లో కాఫీ ఇచ్చి ఇల్లు చూపించే మనిషి బిల్డర్ తరఫు, తటస్థుడు కాదు. మీకు ఏజెంట్ ఉంటే మొదటిసారే వెంట తీసుకెళ్ళండి, లేకపోతే చాలామంది బిల్డర్లు ఆ తర్వాత ఆయన కమీషన్ ఇవ్వబోమంటారు, ఆ భారం అగ్రిమెంట్ ప్రకారం మీ మీదికి రావచ్చు.

సంతకానికి ముందు రాష్ట్ర లైసెన్సు వెబ్‌సైటు మైఫ్లోరిడాలైసెన్స్ డాట్ కామ్‌లో ఆయన పేరు కొట్టండి. లైసెన్సు చెల్లుతోందా, ఆయన బ్రోకరా సేల్స్ అసోసియేటా, ఏ బ్రోకరేజ్ కింద ఉన్నాడు అన్నవి కనిపిస్తాయి. ఆ బ్రోకరేజ్ పేరు మీ అగ్రిమెంట్‌లో ఉన్న పేరుతో సరిపోకపోతే, వివరణ రాతలో వచ్చేదాకా సంతకం ఆపండి.